నేను మూయించిన గది

నా భార్య జుట్టు కత్తిరించుకొచ్చిన రోజు నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. నడుము దాకా ఉండే జడ పోయి, జుట్టు భుజాల మీదికి వచ్చింది. నన్నొక మాట అడగొద్దా అన్నాను. ఆమె కూర కలుపుతూ నిలబడింది. ఆమె కుడి చెయ్యి తల వెనక్కి వెళ్లడం మానేసి అప్పటికి నాలుగు నెలలు. రోజూ పొద్దున ఎడమ చేత్తోనే జడ అల్లుకోబోయేది, పాయలు జారిపోయేవి, చివరికి ఒక క్లిప్పు పెట్టుకుని వంటింట్లోకి వచ్చేది. అదంతా నా కళ్ల ముందే జరిగింది. నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి.

దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారని మా డిస్పెన్సరీ డాక్టరమ్మ చెప్పింది. భుజం కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుపోతుందట. తగ్గడానికి ఏడాది పట్టొచ్చు, అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, కంగారు పడకండి అంది. ఓర్చుకోగలిగినంత వరకే వ్యాయామం చేయించండి అని కూడా అంది. ఆ వాక్యంలో నాకు చివరి రెండు మాటలే వినిపించాయి. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో పనిచేస్తున్నాను. టేబులు మీద ఏదైనా పెండింగులో ఉంటే నాకు చిరాకు. ఆమె భుజం కూడా నాకు అలాగే కనిపించసాగింది.

ఒక ఆదివారం పొద్దున ఆమె పై అరలోని పప్పు డబ్బా కోసం ఎడమ చెయ్యి చాపి, అందక, స్టూలు వేసుకుంటోంది. నేను వెళ్లి, ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం రా అన్నాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి పెట్టుకున్నాను. ఎవరో మనిషి పేషెంటును పడుకోబెట్టి, మణికట్టు పట్టుకుని చెయ్యిని మెల్లగా పైకి తీసుకెళ్తున్నాడు. ఆమెను దివాన్ మీద పడుకోమన్నాను. ఫోన్‌ను దిండుకు ఆనించి పెట్టుకున్నాను. వద్దండీ, రాత్రంతా సలుపుతూనే ఉంది అంది. కొంచెం ఓర్చుకో, నొప్పి లేకుండా ఏదీ తగ్గదు అన్నాను. పట్టుకుని లాగాను.

ఆమె అరవలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అది నేను ఆ క్షణంలో చూడలేదు, ఎందుకంటే ఫోన్ వంక చూస్తున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వీడియోలో అతను ఎంత ఎత్తాడో అంత ఎత్తాలని చూశాను. లోపల ఏదో పటుక్కుమన్నట్టు నా చేతికి తెలిసింది. అప్పుడు ఆమె మొహం చూశాను. నుదురంతా చెమట పట్టి, పెదాలు తెల్లబడి ఉన్నాయి. లేచి కూర్చుని, కొంగు తీసి, ఒక్క మాట అంది.

"ఇంకెప్పుడూ నా చెయ్యి ముట్టుకోకండి."

నీ మంచికి చేస్తే ఇదీ ఫలితం అని నేను అలిగాను. అంతకంటే సిగ్గుపడవలసింది ఏమిటంటే, ఆ తర్వాత వారం పాటు ఆమె ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నీకు పట్టుదల లేదు, అందుకే తగ్గడం లేదు అని కూడా అన్నాను.

రెండు నెలలు గడిచాక ఆమె చెయ్యి కాస్త కదలసాగింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీలో తీగ మీద దుప్పటిని రెండు చేతులతో పరుస్తోంది. కుడి చెయ్యి భుజం ఎత్తు దాటలేదు కానీ, దుప్పటి అంచు పట్టుకుంది. మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతూ, మా ఆవిడ భుజాన్ని నేనే దారికి తెచ్చాను, మొదట గట్టిగా లాగాలి అంతే అని నలుగురికి చెప్పాను. ఒకాయన ఆ వీడియో లింకు కూడా అడిగి తీసుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా క్వార్టర్స్‌లోని కమ్యూనిటీ గది గురించి గొడవ మొదలైంది. వసంత్ కుంజ్ దగ్గర మాది ప్రభుత్వ ఉద్యోగుల కాలనీ. రెసిడెంట్స్ అసోసియేషన్‌కు నేను సెక్రటరీని. కింద ఉన్న ఆ గదిలో సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ క్లాసు జరిగేది, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేది. వారానికి మూడు మధ్యాహ్నాలు పక్కనున్న కిషన్‌గఢ్ నుంచి ఒకావిడ అక్కడికి వచ్చేది. యాభై అయిదేళ్లుంటాయి, ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల మనిషి. అందరూ దీదీ అనేవారు. ఎక్కడో ప్రకృతి చికిత్సాలయంలో చాలా ఏళ్లు పనిచేసి నేర్చుకుందట. మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్న ఆడవాళ్లు వెళ్తే, నేల మీద పరుపు పరిచి, చేతులతో ఏదో చేస్తుందని నాకు తెలుసు. అంతకు మించి తెలుసుకోలేదు. మా మెట్లు దిగితే నలభై అడుగులు. ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో, కర్టెన్లు వేసుకుని అక్కడ ఏం మసాజ్ జరుగుతోంది అని పెట్టారు. ఢిల్లీలో మసాజ్ అన్న మాటకు ఉన్న పేరు తెలిసిందే. నేను కూడా, త్వరలో మన గేటుకు స్పా బోర్డు తగిలిద్దాం అని హిందీలో రాశాను. నవ్వుతున్న మొహాలు వరసగా వచ్చాయి. ఆ ఉత్సాహంలో నోటీసు తయారుచేశాను. కమ్యూనిటీ గదిని ప్రైవేటు పనులకు వాడరాదనీ, గుర్తింపు పొందిన సర్టిఫికెట్ లేని చికిత్సలను కాలనీలో అనుమతించబోమనీ, ఇది కార్యవర్గం చర్చించి తీసుకున్న నిర్ణయమనీ రాశాను. కార్యవర్గం సమావేశం కానేలేదు. హర్యానావాడైన మా ప్రెసిడెంట్‌కు పార్కింగ్ దగ్గర కాగితం చూపిస్తే, ఠీక్ హై, జారీ కర్ దో అంటూ కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. ఆఫీసులో ఇలాంటివి రోజుకు పది చూస్తాం. అందరూ కలిసి నిర్ణయించారని రాస్తే అడిగేవాడుండడు.

అది శనివారం. రెండు గంటలకు బాల్కనీలో నుంచి చూస్తూ ఉన్నాను. దీదీ సంచీతో వచ్చి నోటీసు ముందు నిలబడింది. చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. గార్డును ఏదో అడిగితే అతను తలుపు తీశాడు. పరుపు, రెండు దుప్పట్లు మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. పని పూర్తయిందనుకుంటూ లోపలికి వచ్చాను. నా భార్య ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. బయటికా అన్నాను. లేదు అని చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి చీర మార్చుకుంది.

నాకు అప్పుడు కూడా తట్టలేదు.

మూడు వారాలు పోయాక కింది అంతస్తులో ఉండే పంజాబీ ఆంటీ మెట్ల మీద నన్ను ఆపింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతోంది. "సెక్రటరీ సాబ్, మా ముసలివాళ్ల సంగతి ఏదో ఒకటిలే. భాభీజీ చెయ్యి ఇప్పుడిప్పుడే పైకి లేస్తోంది కదా. మీకు ఆమె మీద ఏం కోపం?" అంది హిందీలో. నాకు తెలిసే చేశాననుకుంది. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో మనిషి రెండు నెలలుగా ఎక్కడికి వెళ్తోందో తెలియదనడం ఇంకా అధ్వాన్నంగా తోచింది.

ఇంటికి వెళ్లి, నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. కుడి మోచెయ్యి ఒంటికి అంటుకునే ఉంది, మునుపటిలాగా.

"చెప్తే ఏం చేసేవారు?" అంది. ఇంకో కాయ తుంచి, "మొదటి రోజు ఆవిడ భుజం ముట్టుకోనే లేదు. అరికాళ్ల దగ్గర కూర్చుని, చెయ్యి పెట్టనా అని అడిగింది. నన్నెవరూ అలా అడగలేదు. ఏడుపొచ్చేసింది. ఆవిడ అలాగే కూర్చుంది" అంది. గ్రూపులో నేను రాసిన స్పా జోకు ఆమె కూడా చదివిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గ్రూపులో ఆమె నంబరు ఉంది. చేర్చింది నేనే.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి కిషన్‌గఢ్ వెళ్లాను. సందులో రెండో అంతస్తు, ఒకటే గది. నేనెవరో చెప్పగానే దీదీ కుర్చీ ఖాళీ చేసింది. క్షమాపణ చెప్పాను. ఆవిడ దాన్ని సాగదీయనివ్వలేదు. నా దగ్గర సర్టిఫికెట్ లేదన్నది నిజమే, నేను ఎవరికీ తగ్గిస్తానని చెప్పను, ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మనే చెప్తాను అంది. నేను వెంటనే, అయితే రేపటి నుంచి మా ఇంటికి రండి, మా ఆవిడకు ఇంట్లోనే చేయండి అన్నాను.

"భాభీజీ సే పూఛా?" అంది. ఆమెను అడిగారా అని.

అడగలేదు. దారిలో ఆటోలో కూర్చుని టైము కూడా నేనే నిర్ణయించేశాను.

ఆవిడ టీ ఇచ్చింది. నేను మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి కప్పు అందుకోవడం చూసి, మీకూ పట్టేసినట్టుందే, చూడమంటారా అంది. వద్దనబోయి, సరే అన్నాను. చాప మీద పడుకోబెట్టి, మెడ కింద చేతులు పెడతాను, ఇబ్బందిగా ఉంటే చెప్పండి అంది. మామిడి పండు మగ్గిందో లేదో చూసేటప్పుడు వేలు ఎంత ఆనిస్తామో, ఆ చేతులు అంతే ఆనాయి. నొక్కలేదు, లాగలేదు. నేనే మెడ బిగించి ఉంచానని కొంతసేపటికి నాకు తెలిసింది. ఇంకాస్త ఇటు తిప్పనా అని అడిగింది. ఊ అన్నాక తిప్పింది. మధ్యలో ఒకచోట నొప్పి వచ్చి ఊపిరి బిగబట్టాను, అంతే. నేను ఏమీ అనకముందే చేతులు ఆగిపోయాయి. నా ఊపిరి మళ్లీ ఆడే దాకా అక్కడే ఉన్నాయి.

ఆ దివాన్, దిండుకు ఆనించిన ఫోన్, నా పిడికిట్లో ఆమె మణికట్టు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. ఆమె ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టి ఉంటుంది? కళ్ల పక్క నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

ఇంటికి వచ్చి ఈసారి ఆమెను అడిగాను. దీదీని ఇంటికి రమ్మననా, వద్దా అని. "ఇంటికొద్దు. ఆ గదిలోకే రానివ్వండి. నేనొక్కదాన్నే కాదు, ఇంకా ఆరుగురు ఉన్నారు" అంది. నేను కూర్చుని కొత్త నోటీసు రాశాను. నివాసుల విజ్ఞప్తుల మేరకు కార్యవర్గం మానవతా దృక్పథంతో పునఃపరిశీలించి, అంటూ మొదలుపెట్టాను. చదవమని ఆమెకిచ్చాను. చదివి బల్ల మీద పెట్టింది.

"ఇందులో మీరెక్కడున్నారు?"

మీటింగులో అంతా చెప్తాను, నీ భుజం సంగతి, నేను లాగిన సంగతి కూడా చెప్పేస్తాను అన్నాను ఆవేశంగా. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా భుజం గురించి నలుగురిలో మాట్లాడకండి. మీరు చేసింది చెప్పండి చాలు."

ఆ ఆదివారం కాలనీ మీటింగులో నిలబడి, నోటీసులో రాసిన చర్చ జరగలేదనీ, గదిలోకి ఒక్కసారీ వెళ్లి చూడకుండా నేనే రాశాననీ, గ్రూపులో పెట్టిన జోకుకు ఆ గదికి వెళ్లేవాళ్లందరికీ క్షమాపణ చెప్తున్నాననీ అన్నాను. ప్రెసిడెంట్ మొహం ఎర్రబడింది. ఇవన్నీ చెప్పాల్సిన అవసరం ఏముంది యార్, నా సంతకం కూడా ఉంది కదా అని తర్వాత పక్కకు తీసుకెళ్లి కసిరాడు. సెక్రటరీ పదవి వదిలేశాను. గది తెరవడానికి ఎక్కువమంది చేతులెత్తారు. కానీ దీదీ మిగతా రోజులు అప్పటికే గుర్‌గావ్‌లో పని ఒప్పుకుంది. గురువారం ఒక్కరోజే రాగలనంది. మూడు మధ్యాహ్నాలు ఒకటైపోయాయి. ఏడుగురూ దాన్నే పంచుకుంటున్నారు.

నా భార్య చెయ్యి ఇప్పుడు చెవి దాకా లేస్తుంది. నేను ఆ రోజు లాగడం వల్ల ఆలస్యమైందా అని డాక్టరమ్మను విడిగా కలిసి అడిగాను. చెప్పలేం, ఈ జబ్బు తనంతట తాను తగ్గడానికి కూడా ఇన్నాళ్లు పడుతుంది అంది. అవునని అంటే శిక్షలా తీసుకుందామనీ, కాదని అంటే తేలికపడదామనీ వెళ్లాను. రెండూ దొరకలేదు.

భోజనాల దగ్గర ఆమె నా ఎడమ పక్కన కూర్చుంటుంది. నేను ఆమె ముందు నుంచి చెయ్యి చాపి పెరుగు గిన్నె అందుకోబోతే ఆ కుడి భుజం చటుక్కున వెనక్కి వెళ్తుంది. మాట్లాడే మాట ఆగదు, మొహంలో ఏమీ మారదు. అలా వెళ్తోందని ఆమెకు తెలియదనుకుంటాను, నేనూ చెప్పలేదు. లేచి బల్ల చుట్టూ తిరిగి అటువైపు నుంచి తీసుకుంటాను. ఎందుకా తిప్పలు, అడిగితే ఇవ్వనా అంది మొన్న. ఇప్పుడు అడుగుతున్నాను.