బల్ల ఆదివారం నాటి కేక

1962, నవంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. మా ఇంటి వసారా. హాజరైనవారు: కొత్తగా వచ్చిన పాస్టరు గారు, సంఘ పెద్ద దావీదు మామ, మా అవ్వ సంతోషమ్మ, నాయన ఏసోబు, గడప లోపల నిలబడి అమ్మ, అవ్వ వెనక నేను. విషయం: నాయన పేరు సంఘంలో ఉంచడమా, తీసేయడమా.

ఏది రాసినా ముందు తేదీ, తర్వాత అక్కడున్న మనుషులు. బడిలో పంతులమ్మగా చేరిన నాటినుంచీ డైరీలు రాస్తున్నాను, ఆ అలవాటు పోలేదు. నిన్న మా వీధికి రోడ్డు వేశారు. మరిగే తారు వాసన కిటికీలోంచి వచ్చి గదిలో నిలబడితే, ఎండాకాలంలో ఉప్పు కాలవ గట్టున పడవను బోర్లించి, పలకల సందుల్లో కొబ్బరి పీచు దట్టించి, నాయన తారులాంటి నల్లటి కీలు పూస్తున్న రోజులు గుర్తొచ్చాయి. వాటి వెనకే ఈ ఆదివారం కూడా వచ్చింది.

మా ఊరు బోగోలుకు తూర్పున, ఉప్పు కాలవకూ సముద్రానికీ మధ్య ఉన్న ఇసక దిబ్బ మీద ఉండేది. అటు సముద్రం హోరు, ఇటు సరుగుడు తోపుల ఈల, ఆ రెండూ వినపడని క్షణం నా చిన్నతనంలో లేదు. వేసవిలో కాళ్లు కాలే ఇసకలో ఒక తాటి నీడ నుంచి ఇంకో తాటి నీడకు పరిగెత్తడమే మా ఆట. వానలు మొదలయ్యాక వసారాలో గచ్చకాయలు, పొయ్యి బూడిదలో కాల్చిన ఎండు చేపలు, ముందురోజు వండి ఉట్టి మీద పెట్టిన చేపల పులుసుతో పొద్దున్నే సద్దన్నం. క్రిస్మసు దగ్గర పడుతోందంటే అమ్మ జంతికల్లాంటి మణుగుబూలకు పిండి విసిరేది, మేము సరుగుడు కొమ్మకు రంగు కాగితాలు అంటించేవాళ్లం, అవ్వ నులక మంచం మీద కూర్చుని పోయిన ఏటి పాటలను తప్పులు లేకుండా మళ్లీ మాతో పాడించేది.

గుడి మాత్రం కాలవకు పడమటి గట్టున ఉండేది. దాటాలంటే నాయన పడవే. తాత చేసిన పని అది, ఆయన పోయాక నాయన చేతికి పడవ తోసే గడ వచ్చింది. పడవకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ దరికి ఎవరొచ్చినా "పడవా!" అని కేక వేస్తారు. వినగానే పడవవాడు "వస్తుండా!" అని బదులు పలకాలి. పలికాక ఇక ఆగడానికి లేదు, కంచంలో అన్నం ఉన్నా లేచి రావాల్సిందే. పడవవాడు దగ్గర లేకపోతే ఇంటివాళ్లు ఎవరు పలికినా ఆ మాట అతన్ని కట్టేస్తుంది. కేక వేసిందెవరని అడగడం లేదు. చేపల తట్టలవాళ్లు, ఉప్పు మళ్ల కూలీలు, రెడ్ల పాలేర్లు, గాజుల సాయిబు, పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషి, అందరిదీ ఒకటే కేక.

అందుకని ఆదివారం పొద్దున మా పాళెం క్రైస్తవులందరినీ గుడి గట్టున దించి, నాయన పడవలోనే ఉండిపోయేవాడు. పాటలు గాలికి తేలి వస్తే గడ మీద గడ్డం ఆనించి వినేవాడు. పాత పాస్టరు గారు దీన్ని ఎన్నడూ తప్పు పట్టలేదు. ఆయన పోయి కొత్తాయన వచ్చాక లెక్క మారింది. వయసులో చిన్నవాడు, గొంతు పెద్దది, రోగం అంటే ఎవరింటికైనా వానలో తడుస్తూ వచ్చే మనిషి. కలిసి కూడుకోవడం మానిన విశ్వాసి పొయ్యిలోంచి తీసి పక్కన పడేసిన నిప్పులాంటివాడని మొదటి ప్రసంగంలోనే చెప్పాడు.

ఆ వారమే పడవ దిగుతూ దావీదు మామ నాయనను కదిపాడు. "ఏందిరా ఏసోబూ, మమ్మల్నందర్నీ పరలోకం గట్టున దించి నువ్వు మటుకు నీళ్లలోనే ఉండిపోతివి?"

"ఏసయ్య పక్కన సిలువేసిన దొంగ యే గుడికి పోయి పరలోకం చేరినాడు మామా?" అన్నాడు నాయన నవ్వుతూ.

గట్టున ఎదురొచ్చిన పాస్టరు గారు అందుకున్నాడు. "ఆ దొంగకి ఇంకో ఆదివారం లేదు ఏసోబూ. నీకు వారం వారం వస్తా ఉంది."

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

ఆ రోజు నుంచి అవ్వకు తిండి సయించలేదు. ఆమెకు ఉన్న భయం ఒక్కటే. తాత గుడి వెనక సమాధుల దొడ్డిలో ఉన్నాడు, ఎప్పటికైనా తనూ అక్కడికే పోతుంది, పైన ఇద్దరూ కలుసుకుంటారు, అప్పుడు ఆయన "పిల్లోడేడీ?" అని అడిగితే ఏం చెప్పాలి? ఈ మాట ఆమె అమ్మతో అనడం నేను చాలాసార్లు విన్నాను. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాన్ని మేము బల్ల ఆదివారం అనేవాళ్లం. నవంబరు బల్లకు ఏసోబు లోపల కూర్చోకపోతే సంఘంలోంచి పేరు తీసేస్తామని పాస్టరు గారు కబురు కూడా పెట్టాడు. పేరు పోతే బల్ల లేదు, సమాధుల దొడ్డిలో చోటూ లేదు. అవ్వ నాయన చెయ్యి తన తల మీద పెట్టుకుని మాట తీసుకుంది. "బల్ల అయిందాకా లెయ్యనని చెప్పు." నాయన చెప్పాడు.

ఆ ఆదివారం పొద్దుటికే ఆకాశం సీసంలా ఉంది. తూర్పు గాలి పడవను పక్కకు నెడుతుంటే నాయన గడను రెండు చేతులా అదిమి మమ్మల్ని దాటించాడు. పడవను మేకుకు కట్టి, ముఖం కడుక్కుని, అమ్మ ఉతికి మడిచిన చొక్కా తొడుక్కుని మగవాళ్ల చాపల మీద చివర్న కూర్చున్నాడు. అవ్వ ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది. పాట మొదలైతే నాయన గొంతు ఎత్తాడు. ఆ పాటలన్నీ ఆయనకు వచ్చని అంతవరకూ ఎవరికీ తెలియదు.

ప్రసంగం అయిపోయింది. పాస్టరు గారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి రొట్టె పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు వినపడింది.

"పడవా!"

తూర్పు గట్టు నుంచి. గాలికి గొంతు చీలిపోయి, మగో ఆడో, ముసలో పిల్లో తెలియడం లేదు. చాపల మీద అందరూ బిగుసుకున్నారు. నాయన వీపు నిటారుగా అయింది, కానీ లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పాస్టరు గారు ఒక్క క్షణం ఆగి ప్రార్థన మొదలుపెట్టాడు. మళ్లీ కేక. ఈసారి ఇంకాస్త పొడుగ్గా. పెంకుల మీద వాన చినుకులు మొదలయ్యాయి. కిందటి వానాకాలం ఇలాగే పిలిచి, పడవలోనే ప్రసవించిన మనిషి మా ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఆమె బిడ్డను గుండెకు అదుముకోవడం చూశాను. నాయన అవ్వ వైపు చూడలేదు, చూస్తే మాట తప్పుతానని అనుకున్నాడేమో.

మూడోసారి కేక సగంలో తెగిపోయింది.

"వస్తుండాడు!"

పలికింది అవ్వ. చాప మీద నుంచి లేచి, కిటికీ వైపు తిరిగి, గుడి పెంకులు కదిలేట్టు పలికింది. ప్రార్థన ఆగిపోయింది. నాయన లేచాడు, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి పరిగెత్తాడు. కాసేపటికి రొట్టె పళ్లెం ఆడవాళ్ల వరసల్లోకి వచ్చింది. అవ్వ రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్క మనిషికి అందించింది.

గుడి వదిలేసరికి మెట్ల మీద గాజుల మస్తాను సాయిబు తడిసిన బుట్ట మీద గోనెపట్టా కప్పుతూ కనిపించాడు. రాత్రి మా పాళెంలోనే ఉండి, కావలి బస్సు కోసం తిరిగి పోతున్నాడట. "ప్రార్థన జరగతా ఉందని నాకేం తెలుసన్నా? తెలిసుంటే అరిచేవాడినే కాదు, ఆడ్నే కూచోనుందును" అన్నాడు నాయనతో, నొచ్చుకుంటూ.

"ఫరవాలేదులే సాయిబూ. బస్సు పోతాది, నడువు" అన్నాడు నాయన.

అంతే. చావు లేదు, పురుడు లేదు. గాజుల బుట్ట.

మధ్యాహ్నం వసారాలో దావీదు మామ అదే అన్నాడు. "సాయిబు ఒక గంట ఆగుంటే యేమయ్యేది? ఒకడికి వదిలినామంటే రేపు ఉప్పు మళ్లోళ్లంతా ఇదే పాట. కాపలా ఉందంటారు, మడికి నీళ్లు పెట్టాలంటారు. అయ్యగారు గోడలకి చెప్పుకోవాల్సిందే."

"సాయిబని ముందే తెలుసా మామా మీకు?" అంది లోపలినుంచి అమ్మ.

నాయన నేల చూస్తూ అన్నాడు: "గుడంటే నాకు కోపం లేదయ్యగారూ. పొద్దున కూచుంటే బాగుండింది. పడవలో ఉండి పాట వినేది వేరు, లోపల వినేది వేరు. కానీ కేక వినపడతా ఉంటే..." అని ఆపేశాడు.

పాస్టరు గారికి కోపం లేదు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. "గుడి గోడలు రక్షిస్తాయని నేను చెప్పడం లేదవ్వా," అన్నాడు. "మా నాయన గూడూరులో నిమ్మకాయల బేరం చేసేవాడు. ఆదివారం బేరం బాగుందని ఒక్క వారం మానినాడు. ఆ ఒక్క వారం ఆయన చచ్చిపోయేదాకా అయిపోలేదు. చివరి రోజుల్లో ఆయన పక్కన కూచుని ప్రార్థన చేస్తే ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఒంటరిగా నిలిచిన నమ్మకాన్ని నేనింతవరకు చూడలేదు."

"నా కొడుకు ఒంటరిగా యాడుండాడయ్యా? మీ జనమంతా వాడి పడవలోనే గదా వస్తా ఉండేది?"

"పడవలో వాక్యం లేదవ్వా. బల్ల లేదు."

"అసలు పలికింది నువ్వే గదా సంతోషమ్మా," అన్నాడు దావీదు మామ. "వాడు మాట మీద కూచోనే ఉన్నాడు. నిన్నెవరు పలకమన్నారు?"

"ఎవరూ పలకలా. అందుకే పలికినా."

తర్వాత ఆమె పాస్టరు గారి కాళ్ల దగ్గరికి జరిగి కూర్చుంది. "ఒక్కటే చెప్పయ్యా. వాడికి రక్షణ ఉందా, లేదా?"

అమ్మ గడప దాటి వచ్చింది. పాస్టరు గారు అన్నాడు: "నాకు తెలీదవ్వా. సంఘం నియమం తెలుసు. పైది నాకు తెలీదు."

అవునని చెప్పినా, లేదని చెప్పినా అవ్వ తట్టుకునేదేమో. ఆ జవాబుతో ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. చివరికి తేలింది ఇది: డిసెంబరు బల్ల దాకా పేరు ఉంటుంది. ఆ రోజు ఏసోబు మొదటి నుంచి చివరిదాకా లోపల కూర్చోవాలి. లేస్తే ఇక మాటల్లేవు.

చెప్పవలసింది చెప్పి పాస్టరు గారు లేచాడు గానీ, ఆయన ఇల్లు అవతలి గట్టున. గట్టు దాకా పోయి నిలబడ్డాడు. పడవా అని పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. నాయన ఆ కేక కోసం ఆగలేదు, గడ భుజాన వేసుకుని వెళ్లి పడవ విప్పాడు. ఇద్దరూ వానలో దాటుతుంటే, దావీదు మామ మా వసారా గుంజకు ఆనుకుని చాలాసేపు చూశాడు.

ఇప్పుడు ఆ కాలవ మీద వంతెన ఉంది. కాలవ పూడి తుమ్మలు మొలిచాయి. మా ఇల్లున్న దిబ్బ మీద రొయ్యల గుంటలు తవ్వారు. పడవలు, పడవవాళ్లు, దూరం నుంచి గొంతును బట్టి మనిషిని పోల్చుకునే చెవులు, ఏవీ లేవు. మా మనవరాలు ఆదివారం ఆరాధనను మంచం మీద పడుకుని ఫోనులో చూస్తుంది. "గుడికి పోకపోతే రక్షణ రాదా జేజమ్మా?" అని పోయిన వారమే అడిగింది. అది అడిగింది బద్ధకం కొద్దీ. అయినా జవాబుగా, ఆ బల్ల ఆదివారం మర్నాటి పొద్దున జరిగింది చెప్పాను.

సోమవారం తెల్లారేసరికి వాన తెరిపి ఇచ్చింది. అవ్వా నేనూ గట్టున ఉన్నాం, నాయన పడవలో నీళ్లు తోడుతున్నాడు. దావీదు మామ పనిచేసే ఉప్పు మళ్లలో వానాకాలం పని ఉండదు కనుక ఆ వేళకు ఆయన ఇంకా నిద్ర లేచి ఉండకూడదు. కానీ పంచె ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, బురదలో జారుకుంటూ వచ్చాడు.

"గడ ఇట్టా ఇయ్యి. ఎట్టా తొయ్యాలో చూపించు."

"నీకెందుకు మామా?"

"వచ్చే బల్లకి నేను పడవ కాడ ఉంటా. నువ్వు పోయి లోపల కూచో."

నాయన తోడుతున్న ముంత పక్కన పెట్టాడు. "నీ బరువుకి గడ విరగతాది. నీళ్లలో పడతావు."

"పడితే రెండోసారి బాప్తిస్మం అయిందనుకుంటా. ఇయ్యి."

అప్పుడు అవ్వ అడిగింది, చిన్నగా, ఎత్తిపొడుపు లేకుండా: "అయితే ఆ రోజు బల్లకి నువ్వు రానట్టే గదా దావీదూ. నీ పేరో?"

పడవ అంచు మీద పెట్టబోయిన కాలు గాలిలోనే ఆగిపోయింది. ఆయన కాలవకు అవతల, తెల్లవారుతున్న వెలుగులో గుడి వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. నాయన గడను ముందుకు చాపి పట్టుకున్నాడు, అంతే. దావీదు మామ కాలు దించి పడవలోకి ఎక్కాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. అరచేతుల్లో ఉమ్మేసుకుని గడ అందుకుని, పళ్లు బిగించి తోశాడు. పడవ ముందుకు పోకుండా ఉన్నచోటనే గిరగిరా తిరగసాగింది.