కాన్వాసు బూట్లు, కాలవ గట్టు

నన్ను పిసినారి అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో నాతోపాటు ఒక్క మైలు నడిచినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడతాను.

డెబ్బైల చివర్లో జాంబియాలో ఒక చిన్న ఊరి బడిలో సైన్సు టీచరుగా చేరాను. మన దేశం నుంచి వచ్చిన టీచర్లం అరడజను మందిమి ఉండేవాళ్ళం. మిగతావాళ్ళంతా ఏడాది తిరక్కుండానే పాత కార్లు కొనేశారు. నేను కాన్వాసు బూట్లు కొన్నాను. చీర కుచ్చెళ్ళు జానెడు పైకి దోపుకుని, మనిషి ఎత్తు చెదపుట్టల మధ్య అడ్డదారిన బడికి నడిచేదాన్ని. నెత్తిన మూటలతో సంతకి వెళ్ళే ఆడవాళ్ళు తోడుండేవారు. వాళ్ళ భాష నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ దారిలో వచ్చినవే. గుమ్మడాకులో వేరుసెనగ పొడి వేసి వండుకోవచ్చని చెప్పింది కూడా వాళ్ళే.

అక్కడ వానలు మొదలయ్యే రోజుల్లో రోడ్ల పక్కన మామిడిపళ్ళు రాలి కుళ్ళిపోతుండేవి. సంచీ నిండా ఏరుకొచ్చి, రసం తీసి, వాన తెరిపిచ్చినప్పుడల్లా చాప మీద పొర మీద పొర పోసి తాండ్ర ఎండబెట్టేదాన్ని. పిండి సంచులు విప్పితే దిండు గలీబులయ్యాయి. చిరిగిన చీర కిటికీ తెర అయింది, అదీ చిరిగాక మసిగుడ్డ అయింది. శనివారం పొద్దున్నే ఉడికించిన చిలగడదుంపలు రెండు, సీసాడు నీళ్ళు పట్టుకుని వాగు దాకా నడిచి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దేదాన్ని.

సాటి టీచరు భార్య ఒకావిడ ఉండబట్టలేక, "మీరిలా తిరుగుతుంటే మనందర్నీ చులకనగా చూస్తారండీ," అంది.

"ఎవరు చూస్తారు?" అన్నాను.

ఊరు ఊరంతా నడిచే చోట నడిస్తే చులకన చేసేదెవరు, కార్లో కూర్చున్నవాళ్ళు తప్ప!

రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తయ్యాక రెండు నెలల సెలవు మీద రాజోలు దగ్గర మా ఊరు వచ్చాను. అన్నయ్య అక్కడి హైస్కూలుకి హెడ్మాస్టరు, చర్చిలో పెద్ద. అమలాపురంలో ఒక కాలేజీలో నా కోసం ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. కాంట్రాక్టు పొడిగించే ఫారం నా పెట్టెలో ఉంది. ఉండిపోవడమా, తిరిగి వెళ్ళడమా, ఆ సెలవులోనే తేల్చుకోవాలి. నిజానికి నేను ఉండిపోదామనే వచ్చాను.

మర్నాడే బూట్లు వేసుకుని కాలవ గట్టు వెంబడి పోస్టాఫీసుకి బయల్దేరాను. వెనకాలే రిక్షా బెల్లు.

"రండమ్మగారూ, ఎక్కండి."

"వద్దు బాబూ, నడుస్తాను."

బేరం ఆడుతున్నాననుకున్నాడు పాపం. కొంతదూరం పోయాక, "మీకు తోచిందే ఇవ్వండి," అన్నాడు. నేను నడక ఆపలేదు. లాకుల దగ్గరకొచ్చేసరికి దిగి, రిక్షా నడిపించుకుంటూ నా పక్కకొచ్చేశాడు. "పోనీ ఊరికే ఎక్కండమ్మా! హెడ్మాస్టారి చెల్లెలుగారు, ఫారిన్నించి వచ్చేరు, నడిచెళ్తంటే నేను ఖాళీ బండితో ఎనకాల వస్తే చూసినోళ్ళు నన్నేవంటారండీ?"

సాయంత్రానికల్లా నా ఉద్యోగం ఊడిపోయిందని ఊరంతా తెలిసిపోయింది. పక్కింటి పిన్నిగారు పరామర్శకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "బెంగెట్టుకోకమ్మా, ప్రభువు ఇంకో దారి చూపిస్తారు."

"చూపించారు పిన్నిగారూ, గట్టు దారి," అన్నాను. వదిన పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది.

ఆదివారం చర్చికి అన్నయ్య టాక్సీ మాట్లాడాడు. ఇంటి నుంచి చర్చి రెండు మైళ్ళు. నేను ముందే బయల్దేరిపోయాను. సగం దారిలో టాక్సీ నన్ను దాటింది. వదిన చెయ్యూపింది, అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. చీలమండల దాకా బురదతో నేను చర్చి ఆవరణలో అడుగుపెట్టేసరికి అందరూ ఆయన్ని, "చెల్లెలుగారు రాలేదాండీ?" అని అడుగుతున్నారు.

ఆ మధ్యాహ్నం కంచాల ముందు తుఫాను వచ్చింది.

"నాన్నమ్మ ఈ గట్టు మీదే నడిచింది," అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది. "నెత్తిన ధాన్యం మూట. పెద్దకులపోళ్ళ వీధి రాగానే చెప్పులు చేతిలోకి. నాన్న ఈ గట్టు మీదే నడిచి చదువుకున్నారు. నేనూ నడిచే ట్రైనింగుకి వెళ్ళేను. ఇంతమందిమి నడిచింది నువ్వు నడవకుండా ఉండాలనే. నీకది సరదా అయిపోయింది."

మాటకి మాట వెతుక్కునే అలవాటు లేనిదాన్ని, ఆ పూట వెతుక్కోవాల్సి వచ్చింది.

"నాన్నమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని దాటిన వీధిలో ఇవాళ నేను బూట్లేసుకుని నడిమధ్య నడిచేను అన్నయ్యా. ఒక్కరూ అడ్డం రాలేదు. ఆవిడ్ని నడిపించేరు. నేను నడిచేను. రెండూ ఒకటేనా?"

"ఇద్దరూ కరెక్టేగానీ అన్నం చల్లారిపోతంది," అంది వదిన.

అన్నయ్య వినిపించుకోలేదు. "కాలేజీ సెక్రటరీగారికి మా చెల్లెలు హుందాగా ఉంటుందని చెప్పేను. ఎక్కడికెళ్ళినా రిక్షాలో వెళ్ళి రిక్షాలో రా. ఈ ఒక్క మాట ఇయ్యి. మిగతాదంతా నీ ఇష్టం."

చిన్న మాటే. ఇచ్చేస్తే ఉద్యోగం, ఇల్లు, గోదారి, వదిన చేతి వంట, అన్నీ నావే. కానీ ఆ ఒక్క మాట తర్వాత ఏమొస్తాయో నాకు తెలుసు. తాండ్ర బజార్లో కొనుక్కోవచ్చుగా అంటారు. గోనెసంచీతో సంతకెళ్తావేంటంటారు. ప్రతిసారీ అది ఒక్క మాటే అవుతుంది. లేచి పెట్టెలోంచి ఫారం తెచ్చాను. పప్పు గిన్నె పక్కకి జరిపి, ఆయన కళ్ళెదురుగానే సంతకం పెట్టాను.

అన్నయ్య ఆ కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "సరే, జీతం ఎక్కువని వెళ్తందని చెబుతాను."

"చర్చి పెద్దవయ్యుండి అబద్ధం చెప్పకు."

"మరేం చెప్పమంటావ్? నడవడానికి దేశం దాటి పోయిందనా?"

"ఆయ్, అదే చెప్పు."

ఇన్నేళ్ళయినా ఆ చెప్పుల మాట గుచ్చుకుంటూనే ఉంటుంది. ఆయన తప్పని నేను ఏనాడూ అనలేదు. మాట ఇవ్వనందుకు చింతించనూ లేదు. నేను చెప్పమన్నది మాత్రం అన్నయ్య ఎవరికీ చెప్పలేదు. డబ్బాశతో వెళ్ళిపోయిందనే మా ఊళ్ళో ఈనాటికీ అనుకుంటున్నారు. ఆయన చెప్పనిది నేనే రాసి పెడుతున్నాను.