చివరి బంతులు ఎవరికివ్వాలి?

కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే బస్సులో నాకు కుదురు లేదు. మా బడి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు ఆ మధ్యాహ్నమే ఫైనల్. ఆట చివర్లో బంతి విసిరి గెలుపు నిలబెట్టే స్రవంతికి ముందురోజే మణికట్టు విరిగింది. ఆమె బదులు వేగంగా విసిరే అనితను దింపాలా, గురి తప్పని మౌనికనా? ఫోన్లో నాలాగే బడిలో ఆటలు నేర్పే మరో పీఈటీతో వాదించాను, పెట్టేశాను, మళ్లీ చేశాను.

గోంగూర మూట ఒడిలో పెట్టుకుని నా పక్కన కూర్చున్న ఒకావిడ అంతా వింది.

"చెయ్యిరిగిన పిల్ల ఏమంటాంది సారూ?"

"దాన్నడగలేదమ్మా. అడిగితే ఇంకా బాధపడతదని."

"అడగకుంటెనే బాధయితది. గా ఎనుక సీట్ల కట్టుతోని ఒక్కతే కూసున్నది, సూడు."

మూట ఎత్తి పట్టుకుని, మోకాళ్లు పక్కకు జరిపి నాకు దారిచ్చింది.

స్రవంతి కిటికీలోంచి బయటికి చూస్తోంది. అడగ్గానే గిరుక్కున తిరిగింది.

"అనితకియ్యుండ్రి సార్. అవుతలోళ్లు ఎంత కొట్టినా భయపడది. మౌనిక ఒక్క దెబ్బకే ఆగమైతది."

మాట్లాడి నా సీటుకు వచ్చేసరికి గోంగూర మూట ఆవిడ జడ్చర్లలో దిగిపోయింది.

ఆ రోజు ఒక్క పరుగుతో ఓడిపోయాం. అనిత విసిరిన ప్రతి బంతికీ బయటి నుంచి అరిచి అరిచి స్రవంతి గొంతు పోయింది. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో ఇరుక్కుని, వచ్చే ఏడు చివరి బంతులు ఎవరు విసరాలో కల్వకుర్తి దాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. నేను మధ్యలో కలగజేసుకోలేదు.