వెండి కళ్ళు

మొన్న తిరువూరు బజారులో, ఓ వెండి కొట్టు అద్దాల బీరువాలో మొక్కుబడి కళ్ళ జత కనిపించి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

డెబ్బైలలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అమ్మమ్మ అలాంటి జతనే కొంగున ముడేసుకుని నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళింది. అక్కడ సముద్రం పక్కనే కొండ మీద మరియమాత గుడి ఉంది. అమ్మమ్మకు అప్పటికే చూపు బాగా మసకబారింది. మెట్ల పొడుగునా నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఆ కళ్ళు మాత పాదాల దగ్గర పెట్టగానే ఆమెకు చూపు వస్తుందని నా నమ్మకం.

లోపల కరిగిన మైనం వాసన. మొక్కు చెల్లించి బయటికి రాగానే అమ్మమ్మను ఆత్రంగా సముద్రం వైపు తిప్పాను.

"కనపడతందా అమ్మమ్మా?"

"లేదమ్మా. గాలి మాత్రం తెలుస్తంది. ఎట్టా ఉందో నువ్వు చూసి చెప్పు."

మాత మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే చెప్పాను.

"మన పెనుగొలను వరిచేనులాగుంది. కాకపోతే నీలంగా ఉంది. గాలికి ఊగతా ఉంది. గట్లే లేవు."

అమ్మమ్మ తృప్తిగా తలూపింది. తిరుగు రైల్లో ఆమె జపమాల చెబుతుంటే నేను గొంతు కలపలేదు.

చాలా ఏళ్ళకు అమ్మ అసలు సంగతి చెప్పింది. మూడేళ్ళ వయసులో నాకు తట్టు పోసి, వారం రోజులు కళ్ళు తెరుచుకోలేదట. అప్పుడు మొక్కుకుందట అమ్మమ్మ. మావాళ్ళు మొక్కు ఫలించాకే కళ్ళు సమర్పిస్తారు.

ఆ రోజు కొండ మీద పెట్టి వచ్చినవి నా కళ్ళు. అవి ఎంత బాగా చూస్తున్నాయో అమ్మమ్మ నా నోటనే విన్నది.