తల్లిలేని కంగారూ పిల్ల

నేను మనుషుల్ని తొందరగా మెచ్చుకునేదాన్ని కాను. అలాంటిది, ఒక ఆస్ట్రేలియా ఆవిడ మా పెరటి గేటు దగ్గర ఆగి, బకెట్లో మందునీళ్లు కలిపి, లోపలికి అడుగు పెట్టకముందే తన బూట్లు కడుక్కోవడం చూసి సగం మెచ్చేశాను. దెబ్బ తిన్న అడవి జంతువుల్ని ఇంట్లో పెట్టుకుని సాకుతుందావిడ. నా వయసే ఉంటుంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన చొక్కా. వేరే చోటి మట్టి మా పెరట్లోకి రాకూడదని కడుక్కుందట.

ఆవిణ్ని పిలిపించాల్సి వచ్చింది నా వల్లే.

మెల్‌బోర్న్ శివార్లలో, కేరమ్ డౌన్స్ దాటాక, నా కొడుకు ఇల్లు. బియ్యం కడిగిన నీళ్లు సింకులో పోయడం నాకు చేతకాదు. వచ్చిన మొదటి వారమే వంటింట్లో ఒక బకెట్ పెట్టాను. కడుగునీళ్లు, గంజి, సొరకాయ తొక్కలు, మిగిలిన అన్నం, ఎండిన చపాతీ ముక్కలు అన్నీ అందులోకే. మూడో తరగతితో బడి మానిపించి నన్ను గొడ్ల వెంట పంపారు. కుడితి కలపడం నాకు ఆ వయసు నుంచీ అలవాటు. ఇక్కడ గొడ్లు లేవు. పెరటి కంచె అవతల పొదల అడవి ఉంది, అందులో కంగారూలు ఉన్నాయి. పాత ప్లాస్టిక్ తొట్టి ఒకటి కంచె పక్కన పెట్టి కుడితి పోశాను. మొదట ఒకటి వచ్చింది, తర్వాత మంద వచ్చింది. పొట్టసంచిలో పిల్లను మోసుకుంటూ ఒక తల్లి రోజూ అన్నిటికంటే ముందు వచ్చేది. ఇంటికొచ్చిన తెలుగువాళ్లు ఫోటోలు తీసుకుని, "ఆంటీ, మీ బ్యాక్‌యార్డ్ జూలాగా ఉంది!" అనేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు కోడలు ఉత్తరం తెచ్చి చదివింది. "అత్తయ్యా, కౌన్సిల్ వాళ్లు అందరికీ పంపారు. వైల్డ్ యానిమల్స్‌కి ఫుడ్ పెట్టొద్దంట. డిసీజెస్ స్ప్రెడ్ అవుతాయంట."

"నోరులేని జీవాలకి పెట్టొద్దని కాగితాలు కూడా అచ్చేస్తారా? పనిలేదు వీళ్లకి," అని ఆ కాగితం మడిచి అరటిపండు తొక్కలు చుట్టాను.

నెల తిరక్కుండానే ఆ తల్లి చపాతీ ముక్క నోట పెట్టుకుని నమల్లేక వదిలేసింది. మూతి వెంట చొంగ. కింది దవడ ఒకవైపు నిమ్మకాయంత ఉబ్బింది. మా పుట్టింట్లో ఒక ఏడు గాలికుంటు వచ్చింది. జబ్బు చేసిన గొడ్డును మా అమ్మ విడిగా కట్టేసి, దాని తొట్టి వేరు చేసి, దాన్ని ముట్టిన చేత్తో ఇంకో గొడ్డును ముట్టనిచ్చేది కాదు. అదంతా కళ్లారా చూసిన నేను, ఎక్కడెక్కడి నుంచో వచ్చే జీవాలన్నిటికీ ఒకే తొట్టి పెట్టి రెండేళ్లు కుడితి పోశాను. పెంపుడు గొడ్డుకుండే జబ్బు భయం అడవి జీవానికి ఉండదనుకున్నానో, అసలు ఆలోచించనే లేదో!

ఆ సాయంత్రమే కోడలి చేత ఫోన్ చేయించాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చింది.

కంచె అవతల నిలబడ్డ తల్లిని దుర్భిణితో పరికించి, తొట్టి చుట్టూ వంగి చూసింది. కుళ్లిన తొక్కలు, వాటి మీదే పెంటికలు. తలెత్తి "హౌ లాంగ్?" అంది. అంతమటుకు నాకు అర్థమైంది. కోడలు ఇంగ్లీషులో జవాబు మొదలుపెట్టింది. 'టూ వీక్స్' అన్న మాట నా చెవిన పడింది.

"రెండు వారాలేంటే? రెండేళ్లని చెప్పు."

"ఫైన్ వేస్తారేమో అత్తయ్యా. కాసేపు ఊరుకోండి, ప్లీజ్."

"వెయ్యనీ. డాక్టరు దగ్గర అబద్ధమాడితే రోగం తగ్గుద్దా?" అని రెండు వేళ్లు చూపించి, "టూ ఇయర్స్," అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసి తలాడించింది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. కోడలు రెండు ముక్కలు చెప్పి ఆపేసింది.

"అంతసేపు మాట్లాడితే ఇంతేనా? నన్ను తిట్టిందా?"

"తిట్టలేదు అత్తయ్యా. తిడితే నేనే హ్యాపీగా ట్రాన్స్‌లేట్ చేసేదాన్ని."

తర్వాత మొత్తం చెప్పించుకున్నాను. మెత్తటి తిండి పళ్ల సందుల్లో ఇరుక్కుంటుందట. పది మూతులు ఒకచోట చేరి, అక్కడే పెంటికలు వేసి, అదే మట్టి మీద మళ్లీ తింటే దవడ ఎముకకు చీము పడుతుందట. కొండల్లో జింకలకు గింజలు పోసి ఒకచోటికి పోగుచేసేవాళ్లకూ ఆవిడ ఇదే చెబుతుందట: పెట్టేవాడి మనసు మంచిదైనా, పెట్టిన చోటు జబ్బుకు సంత అవుతుందని. ఈ తల్లికి ఎముక కుళ్లిపోయింది, ఇక బాగుచేయలేం, బాధ పడకుండా పంపించేయాలి అంది. సంచిలో పిల్లకు అప్పుడప్పుడే బొచ్చు వస్తోంది.

"పిల్లన్నా బతుకుద్దా?" అని అడిగించాను.

"మాట ఇవ్వలేనంటోంది అత్తయ్యా. ట్రై చేస్తుందంట."

తుపాకీతో మత్తుసూది వేసే మనిషి వచ్చాడు. పని కానిచ్చాక ఆవిడ పిల్లను తీసి, గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని తన చొక్కా లోపల పెట్టుకుంది. పాత దిండు గలీబు చించి కుట్టిన సంచి అది. కుట్టు బయటివైపుకు తిప్పింది, లోపల దారం పిల్ల గోళ్లకు చుట్టుకోకుండా. అంత పొదుపు, అంత జాగ్రత్త ఒక్కచోట నేనెక్కడా చూడలేదు. వెళ్లేముందు తొట్టి తీయించి, ఆ చోట మట్టి జానెడు లోతు ఎత్తించింది.

మిగతా కంగారూలు చాలా రోజులు కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాయి. నేను కిటికీ తెర వేసుకుని వంట చేసుకున్నాను. ఆకలితో ఉన్నవాటికి పెట్టకపోవడం నా జన్మలో అదే మొదలు. చివరికి రావడం మానేశాయి. తొక్కలిప్పుడు మూత ఉన్న ఎరువు డబ్బాలో పడుతున్నాయి.

నా పాత నూలు చీరలు కత్తిరించి సంచులు కుట్టి ఆవిడకు పంపాను. రెండు వెనక్కి వచ్చాయి. కుట్టు వదులుగా ఉందట.

"మొహమాటానికన్నా ఉంచుకోవచ్చుగా," అంది కోడలు.

"ఉంచుకునుంటే నాకు ఆవిడంటే గౌరవం పోయేది," అని విప్పి మళ్లీ కుట్టాను.

సంచులు ఇచ్చి వచ్చినప్పుడల్లా కోడలు పిల్ల కబురు తెచ్చేది. పాలు తాగుతోంది. విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాయి. నిలబడింది. ఒక్కసారి చూస్తానని అడిగిస్తే ఆవిడ కుదరదంది. అది ఎంత తక్కువమంది మనుషుల్ని చూస్తే అంత మంచిదట. నాకు కోపం వచ్చింది. "ఎత్తుకుపోతానా ఏంటి?" అని రెండు రోజులు గొణిగాను. మూడో రోజుకు ఆవిడ మాటే న్యాయమనిపించింది. దాని తల్లిని మనుషుల చేతి తిండికి అలవాటు చేసింది నేనే కదా.

ఏడాది దాటాక, మొన్న చలికాలం చివర, రమ్మని ఫోన్ చేసింది. ఊళ్లకు దూరంగా, గడ్డి బాగా ఉన్న కంచెభూమి. నాలుగు పిల్ల కంగారూలను విడిచిపెడుతోంది. మమ్మల్ని కారు దగ్గరే నిలబెట్టి, తన దుర్భిణి నా చేతికిచ్చి వెళ్లి గేటు తీసింది. మూడు గెంతుకుంటూ పోయాయి. నాలుగోది, మా పిల్ల, ఆగి వెనక్కి తిరిగి, ఆవిడ వైపు నాలుగు అడుగులు వేసింది. ఏడాది పైన చొక్కాలో మోసి, సీసాతో పాలు పట్టిన మనిషి! నేనైతే చేతులు చాచి ఉండేదాన్ని. ఆవిడ గట్టిగా చప్పట్లు కొట్టి, వీపు తిప్పేసింది. మా వైపు తిరిగిన ఆ మొహం మీద కన్నీళ్లున్నాయి, అయినా నడక ఆగలేదు.

"పిలిస్తే వస్తుందా అని అడుగు," అన్నాను.

కోడలు అడిగి చెప్పింది. "వస్తే తన పెంపకం ఫెయిలైనట్టేనంట అత్తయ్యా."

దుర్భిణి మళ్లీ కళ్లకు పెట్టుకున్నాను. పిల్ల కాసేపు నిలబడింది. తర్వాత మిగతావాటి దగ్గరికి గెంతి, వంగి, గడ్డి కొరికింది. దవడ రెండు వైపులా సమంగా ఆడుతోంది. మెడ ఎత్తకుండా మేస్తూ మేస్తూ చెట్ల వెనక్కి పోయింది.