కాచి చల్లార్చిన నీళ్ళు తాగిన చక్రం

ఆ రోజుల్లో పల్నాటి బాటల మీద ప్రమాదం హారన్ మోగించుకుంటూ వచ్చేది కాదు. నాకైతే అది ‘టక్కు... టక్కు’ మంటూ గూడుబండి ఎడమ చక్రం దగ్గర్నుంచి వచ్చింది. మాచర్ల దాటి కొంతదూరం వెళ్ళాం. ఒళ్ళో ఏడాదిన్నర పాపాయి, పక్కన ఐదేళ్ళ మావాడు, ముందు మా మామగారి కాలం నుంచీ ఆ బండి తోలుతున్న పెద్దాయన. పిల్లలకు ఆయన బండితాత. “తాతా, ఏందా చప్పుడు?” అన్నాను. (ఉత్తప్పుడు ‘ఏమిటి’ అనేదాన్ని. భయమేస్తే మాత్రం మా ఊరి ‘ఏంది’ దానంతటదే వచ్చేసేది.) ఆయన వెనక్కి తిరక్కుండానే, “నీకు తెలీదా కోడలా? సదువుకున్నదానివి” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో చెప్పాలంటే నాలుగు రోజులు వెనక్కి వెళ్ళాలి.

మావారు అప్పుడు డ్యాం పనిలో ఓవర్సీరు. ఆరు నెలలుగా ఇంటికి రాలేదు. ఆదివారం ఒక్కపూట ఎత్తిపోతల జలపాతం దగ్గరికి వస్తాననీ, పొద్దుగూకే వేళకు లారీలో తిరిగి వెళ్ళిపోవాలనీ, పిల్లల్ని తీసుకు రమ్మనీ ఉత్తరం రాశారు. పాపాయి అప్పటికే ఖాకీ చొక్కా కనబడితే చాలు, పోస్టుమాన్‌ని “నాన్న” అంటోంది. అందుకని ఏమైనా సరే వెళ్ళి తీరాలనుకున్నాను. మా గూడుబండి పెళ్ళిళ్ళకు తప్ప కదలదు. ఏడాదిగా కొట్టంలో పడి ఉంది, గూడులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కోళ్ళను తోలి, తేళ్ళుంటాయన్న భయంతో వేపాకు పొగ వేయించి, కొత్త చాప పరిపించి, ఇరుసుకు కందెన రాయించాను. (తేళ్ళే కాదు, బావులన్నా, కుక్కలన్నా, బస్సులన్నా కూడా నాకు భయమే.)

బండితాత చక్రాలు ఊడదీసి కుంటకు దొర్లించుకుపోతుంటే అడ్డం పడ్డాను. తడిస్తే చెక్క పుచ్చిపోదా?

“చక్రం నీళ్ళు తాగాల కోడలా. తాగి ఉబ్బకపోతే చుట్టూ ఉన్న ఇనప పట్టా నిలబడదు.”

“వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి తాతా. ఎండలో పెడితే చెక్క ఉబ్బి పట్టా బిగుసుకుంటుంది” అని, కాలేజీలో మార్కులు తెచ్చుకున్న ధీమాతో చెప్పాను.

వంటింట్లోంచి అత్తయ్య అందుకుంది. “పోనీలే అన్నా, మనమేం బియ్యే సదివామా? ఎండలోనే పెట్టు. చక్రానిగ్గూడా సదువొస్తది.”

మూడు రోజులు మాఘమాసపు ఎండలో చక్రాలు చదువుకున్నాయి.

ఇక ఆదివారం సంగతి. టక్కుటక్కు ఆగి ‘ఖణేల్’ మంది. బండి ఆగింది. ఎడమ చక్రపు పట్టా మాత్రం ఆగలేదు. ఎద్దుల్ని దాటుకుని, పల్లంలో దొర్లుకుంటూ ఎత్తిపోతల వైపు వెళ్ళిపోయింది. మావాడు చప్పట్లు కొట్టి, “అమ్మా! మన పట్టా నాన్న దగ్గిరికి పోతంది!” అన్నాడు.

తాత వెళ్ళి దాన్ని భుజానేసుకొచ్చాడు. “వెనక్కి పోదామా?”

“చక్రం లేకపోతే నడిచైనా పోదాం. వెనక్కి మాత్రం లేదు” అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, “అయితే నీళ్ళు దించు” అన్నాడు.

నా దగ్గర రెండు బిందెల నీళ్ళున్నాయి. మూతికి గుడ్డ కట్టి, దారంతా ఒలక్కుండా పట్టుకొచ్చాను. “అవి పిల్లలవి తాతా. కాచి చల్లార్చినవి.”

“మంచిదేలే. చక్రానిగ్గూడా జొరం రాదు.”

పట్టా ఎక్కించి, సందుల్లో తుమ్మచెక్కలు దిగగొట్టి, నా పాత చీర చింపి చక్రానికి చుట్టాం. అక్కణ్ణించి నేను చక్రం పక్కనే నడిచాను, చెంబుతో కాసిని కాసిని పోస్తూ. (పిల్లలు దారిలో చేనుబావి దగ్గర ఎద్దులతోపాటు నీళ్ళు తాగారు. ఏమీ కాలేదు.)

మేం చేరేసరికి మావారు లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నారు. డ్రైవరు జాలిపడి అరగంట ఆగాడు. జలపాతం హోరు విన్నాం గానీ చూడలేదు. పాపాయి ఆయన ఖాకీ చొక్కా పట్టుకుని “నాన్న” అంది. (పోస్టుమాన్ అనుకుందేమో, నేను విచారించలేదు.)

ఇన్నేళ్ళకి, మనవలు నిద్రపోయాక ఇది రాస్తుంటే, బురద కుచ్చిళ్ళతో చక్రానికి నీళ్ళు పట్టిన ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల మీద నవ్వూ వస్తోంది, కాస్త ముద్దూ వస్తోంది. దాని భయాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఆ మొండితనమే ఎక్కడో జారిపోయింది.

ఆ రాత్రి మాచర్లలో తెలిసినవాళ్ళింట్లో పడుకున్నాం. తెల్లవారి చూస్తే బండితాత రెండు చక్రాలనూ చంద్రవంక వాగులో నిలబెట్టి, గట్టున కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మావాడు నా కొంగు పట్టుకుని, “చక్రాలు ఏం చేస్తున్నాయమ్మా?” అని అడిగాడు.

“నీళ్ళు తాగుతున్నాయి” అన్నాను. “తాత మొన్ననే చెప్పాడు. అమ్మకు ఇవాళ అర్థమైంది.”