బుల్లమ్మ గోడ మీది మంచు

బస్తరు సంస్థానం రోజుల్లో కొంటాలో గోడకు చుక్కలు పెట్టాలంటే బుల్లమ్మ తర్వాతే ఎవరైనా. ఆ మాట శబరి ఒడ్డున సర్కారు బంగళాలో దిగిన దొరసాని చెవిన పడింది. దొరసాని పెట్టెలో జపాను దేశపు బొమ్మ ఒకటి ఉంది. చెక్క అచ్చుతో కాగితం మీద అద్దినది. సరస్సు, ఒడ్డంతా మంచు, ఒక పడవ, వంగిన చెట్టు. బంగళా గోడ మీద అచ్చం అదే బొమ్మ కావాలంది. శనివారం పెద్దదొర వచ్చేలోగా దించితే ఏం కావాలో కోరుకోమంది.

బుల్లమ్మ తడుముకోలేదు. మొగుణ్ణి విడిపించమంది. ఆమె మొగుడు ఉప్పలయ్యను దంతెవాడ రోడ్డు పనికి వెట్టికి పట్టుకెళ్లి రెండు నెలలైంది. చలిజ్వరంతో వణుకుతున్నా రాళ్లు మోయిస్తున్నారని ఆ దారిన వచ్చినవాళ్లు చెప్పారు. దొరసాని సరేనంది. బొమ్మ కుదిరితే విడుదల చీటీ రాస్తుందని బంగళా మున్షీ తెలుగులో చెప్పాడు.

ఇక చూడండి ఆమె అవస్థ. మంచంటే బుల్లమ్మకు తెలిసింది తెల్లారగట్ల గడ్డి మీద తడి. అది నేలనంతా కప్పేస్తుందంటే మున్షీ మాటే నమ్మాలి, ఆ మున్షీదీ చూసిన మొహం కాదు. సున్నం కొట్టిన గోడ మీద నీలిమందు నీళ్లు గుడ్డతో అద్దింది, పైన చిక్కగా, కిందికి పలచగా. మసిలో తుమ్మబంక కలిపి, నమిలిన ఈతపుల్లతో చెట్టూ పడవా గీసింది. మూడు రోజులు పట్టింది. అప్పుడు బొమ్మను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. మంచు ఉన్నచోట రంగే లేదు, ఉత్త కాగితం. అంటే సగం గోడ ఉత్తగా వదిలేయాలి.

బుల్లమ్మ వాళ్లలో చావు జరిగిన ఇంటి గోడనే అలా చుక్కల్లేకుండా వదులుతారు. మొగుడు ఎక్కడో జ్వరంతో పడి ఉంటే ఆ పని తన చేత్తో చేయడమా? భయం పట్టలేకపోయింది. శుక్రవారం మధ్యాహ్నానికి మంచంతా నీలి చుక్కలతో నింపేసింది. అప్పటికి గాని ఊపిరాడలేదు.

దొరసాని చూసి మొహం ముడుచుకుంది. పొద్దు వాలేలోగా చుక్కలు పోవాలని, లేకుంటే చీటీ లేదని మున్షీ చెప్పాడు.

"ఉత్తగోడ ఇడిస్తే నా పెనిమిటికి చావు రాసినట్టే బాబూ," అంది బుల్లమ్మ.

"ఇడవకుంటే రోడ్డు మీదనే పోతడు. ఏందంటవ్ మరి?"

ఆమె మాట మున్షీ దొరసాని దాకా చేరవేశాడో, తనే మింగేశాడో తెలియదు. బుల్లమ్మ సున్నం ముంత అందుకుంది. పెళ్లయ్యాక మొగుడి పేరు నోట పలకని మనిషి, ఒక్కో చుక్క మూస్తూ "ఉప్పలయ్యా, బతికుండు" అంది. పచ్చి సున్నం కింద నీలి చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. దొరసాని కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆరేకొద్దీ గోడ తెల్లబడింది. చివరి చుక్క కూడా మాయమయ్యాక దొరసాని కాగితం తెప్పించింది.

చీటీ వెళ్లింది. అది చేరేసరికి మనిషి ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు. బుల్లమ్మ సరిగా తినలేదు. తన ఇంటి ఎర్రమన్ను గోడ ముందు కూర్చుని, బియ్యప్పిండిలో వేలు ముంచి చుక్కలు పెడుతూ పోయింది. ఒక గోడ అయితే ఇంకో గోడ. చూసినవాళ్లు మతి పోయిందనుకున్నారు.

ఎనిమిదో రోజు పొద్దున ఉప్పలయ్య కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చాడు. ఎముకలే మిగిలాయి. గోడలు చూసి నిలబడిపోయాడు.

"ఏందే ఇది?"

"మంచు," అంది బుల్లమ్మ. పిండి చేతులతోనే అతన్ని పట్టుకుని బోరున ఏడ్చింది.

ఉత్తచోటు ఎక్కడైనా ఉందేమోనని ఉప్పలయ్య ఆమె భుజం మీదుగా గోడలన్నీ వెతికాడు. వేలు మోపేంత ఖాళీ ఎక్కడా లేదు.